రెండంకెలకే నిండిపోయే జ్ఞాపకం: పక్షవాతం తరువాత ఒక కిరాణా వ్యాపారి కేసు

నేపథ్యం

ఈ కేసులోని వ్యక్తి కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణంలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే, యాభై దాటిన మనిషి. ఆయన్ను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను వదిలివేశాను, కొన్నింటిని మార్చాను. స్వల్పకాలిక జ్ఞాపకశక్తి అనగానే మన పాఠ్యపుస్తకాలు ఒకసారికి కొన్ని సెకన్లపాటు గుర్తుండేవి ‘ఏడు, రెండు అటూ ఇటూ’ అని ఒక సంఖ్య చెప్పి ముందుకు వెళ్ళిపోతాయి. ఆ సంఖ్య ఒక మనిషిలో రెండుకు పడిపోయినప్పుడు ఏం జరుగుతుందో, అప్పుడు చికిత్స చేసేవారు దేన్ని పెంచాలని ప్రయత్నించాలో, దేన్ని వదిలిపెట్టాలో ఈ కేసు చాలా స్పష్టంగా చూపించింది గనుక దీన్ని నమోదు చేస్తున్నాను.

ఆయన పదో తరగతి వరకు చదివి, చిన్న వయసులోనే తండ్రి దుకాణంలో కూర్చున్నారు. కుడిచేతి వాటం. మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటంతో మాట పడిపోయి ఆసుపత్రిలో చేరారు. కొద్ది రోజుల్లో మాట తిరిగి వచ్చింది, కుడిచేతి బలహీనత కూడా దాదాపుగా తగ్గిపోయింది. దెబ్బతిన్న భాగం ఎడమవైపు కణత, పార్శ్వ లంబికలు (మెదడులోని లోబ్‌లు) కలిసేచోట ఉందని ఎమ్మారై స్కానులో తేలింది. మందులు న్యూరాలజిస్టు పర్యవేక్షణలోనే కొనసాగాయి. నా దగ్గరకు పంపిన చీటీలో రాసిన కారణం ఒక్కటే, మతిమరుపు.

సమస్య

ఆయన మాట్లాడుతుంటే ఏ లోపమూ కనిపించదు. అడిగినదానికి సూటిగా, కొంత హాస్యంగా కూడా జవాబు చెబుతారు. ఆయన భార్య చెప్పిన మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది: “మూడు సరుకులు చెబితే మొదటిదొక్కటే తెస్తారండీ. కానీ పోయిన నెలలో ఎవరు ఎంత బాకీ పెట్టారో అడగండి, పైసలతో సహా చెబుతారు.” దుకాణంలో ఇబ్బంది అంతా ఫోనుతో వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ చిల్లర దుకాణాలవారు ఉదయం పూట ఫోను చేసి సరుకులు చెబుతారు. “కందిపప్పు పది కిలోలు, మినపగుళ్ళు ఐదు, పంచదార పాతిక, ఎండుమిర్చి రెండు” అని అవతలివారు ఒక ఊపులో చెప్పేసరికి ఈయన కాగితం మీద కందిపప్పు ఒక్కటే ఉంటుంది. ఫోను నంబరు చెబితే మొదటి రెండంకెల దగ్గర కలం ఆగిపోతుంది. కొడుకు ఓటీపీ చదివి వినిపిస్తే ఆరంకెలు నొక్కలేరు.

మామూలుగా మనం ఒక జాబితా విని వెంటనే చెప్పాల్సి వచ్చినప్పుడు చివర విన్నవి బాగా గుర్తుంటాయి, మధ్యలోవి జారిపోతాయి. ఆ చివరివి కూడా, ముప్పై సెకన్లపాటు లెక్కలు లెక్కించమంటే, పోతాయని గ్లాంజర్, క్యునిట్జ్ 1966లో చూపించారు. చివరి మాటల ఆ ఆధిక్యం స్వల్పకాలిక నిల్వ నుంచి వచ్చేదని అప్పటి వ్యాఖ్యానం. ఈయన విషయంలో అసలు చివరివే పోతున్నాయి. భార్య యథాలాపంగా అన్న “మొదటిదొక్కటే” అన్న మాటకు ఇంత విలువ ఉంది.

ఇంట్లో నిర్ణయం మాత్రం అప్పటికే జరిగిపోయింది. కొడుకు ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. గుమస్తాలు ఈయన్ను అడగడం మానేశారు. “నాన్నగారికి ఇది డిమెన్షియా మొదలవడమేనా మేడం? అలాగైతే లావాదేవీలన్నీ నేనే చూసుకుంటాను” అన్నది కొడుకు ప్రశ్న. ఆ ప్రశ్నకు నేనిచ్చే జవాబు మీద ఒక మనిషి ఇంకా పదిహేనేళ్ళు చేయగలిగిన పని ఆధారపడి ఉంది.

ఇది ఏ రకం మతిమరుపు?

అల్జీమర్స్ తొలి దశలో సాధారణంగా కనిపించే తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ చెప్పిన అంకెలను వెంటనే తిరిగి చెప్పడం చాలాకాలం బాగానే ఉంటుంది, అరగంట క్రితం విన్న కథ పోతుంది. 1953లో మూర్ఛ వ్యాధికి శస్త్రచికిత్స జరిగాక కొత్త సంఘటనలేవీ గుర్తుంచుకోలేకపోయిన హెచ్.ఎం. అనే రోగి కూడా, చెప్పిన అంకెలను వెంటనే తిరిగి చెప్పడంలో మామూలు మనిషిలాగే ఉండేవాడు. అందువల్ల మొదట నేను చూడదలచుకున్నది, ఈయనలో ఆ రెండింటిలో ఏది చెడింది అన్నదే.

ఒక చిన్న కథ చదివి వినిపించాను. వెంటనే అడిగితే మాటలు మారాయి గానీ సంగతులన్నీ వచ్చాయి. అరగంట తరువాత అడిగితే ఇంచుమించు అంతే వచ్చాయి. ముందురోజు ఏ బస్సులో వచ్చారో, ఏం తిన్నారో, సంతలో ధరలెలా ఉన్నాయో తడుముకోకుండా చెప్పారు. తరువాత అంకెలు చెప్పాను, సెకనుకు ఒకటి చొప్పున. రెండంకెలు ప్రతిసారీ సరిగా వచ్చాయి. మూడంకెలు ఎప్పుడో ఒకసారి, అదీ వరుస తప్పి వచ్చాయి. నాలుగు ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ తొందరపడటానికి వీలుంది. చెప్పలేకపోవడం వేరు, నిలుపుకోలేకపోవడం వేరు. మెదడులో ఈ ప్రాంతం దెబ్బతిన్నవారిలో అర్థం చేసుకోవడం బాగుండి, విన్నదాన్ని తిరిగి పలకడం మాత్రమే చెడిపోయే రకమూ ఉంది. అందుకని నోటితో చెప్పించడం మానేసి, అంకెలు రాసిన అట్ట ముందు పెట్టి, విన్న అంకెలను వేలితో చూపించమన్నాను. అప్పుడూ రెండే. చెవి పరీక్షలో లోపం లేదు. ‘బడి–పడి’ వంటి జంటల్లో తేడా సునాయాసంగా పట్టుకున్నారు కాబట్టి శబ్దాలను గ్రహించడంలోనూ లోపం లేదు. అవే అంకెలను చెప్పకుండా, కార్డుల మీద ఒక్కొక్కటిగా చూపించినప్పుడు నాలుగు వరకు చేయగలిగారు. బల్ల మీద అమర్చిన దిమ్మెలను నేను తట్టిన వరుసలో తట్టమంటే ఐదు వరకు తప్పు లేకుండా తట్టారు. అది ఆయన వయసువారికి మామూలే.

చిత్రం అప్పటికి స్పష్టమైంది. విన్న మాటను కొన్ని సెకన్లపాటు మాటగానే పట్టి ఉంచే చోటు దెబ్బతింది. కళ్ళ దారి, స్థలాల దారి, దీర్ఘకాలిక జ్ఞాపకం క్షేమంగా ఉన్నాయి. 1969లో లండన్‌లో వారింగ్టన్, షాలిస్ వర్ణించిన కె.ఎఫ్. అనే రోగిది ఇదే తీరు. అంతకు ముందు ఏడాదే ఆట్కిన్సన్, షిఫ్రిన్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఏ విషయమైనా స్వల్పకాలిక నిల్వ గుండానే దీర్ఘకాలిక నిల్వలోకి చేరాలి. ఆ వాకిలి అంత ఇరుకైన కె.ఎఫ్. కొత్త విషయాలను చక్కగా నేర్చుకోవడం వారిని ఆ నమూనాను ప్రశ్నించేలా చేసింది. ఇలాంటి లోపమున్న రోగులలో ఒకరు సెక్రటరీగా సమర్థంగా పనిచేశారని, ఒకరు ట్యాక్సీ నడిపారని, ఒకరు దుకాణం నడుపుతూ సంసారం చక్కబెట్టుకున్నారని జ్ఞాపకశక్తి పరిశోధకుడు అలన్ బాడ్లీ రాస్తాడు. కొడుకుతో నేను మొదట చెప్పింది ఆ మూడో మనిషి సంగతే.

ముందుగా ఆలోచించిన దారి, అది ఎందుకు మూసుకుపోయింది

జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం వల్ల ఏడు అన్న సంఖ్యకు ప్రచారం వచ్చింది. ఆ వ్యాసం చివర మిల్లరే వేర్వేరు చోట్ల ఇలా ఏడు అన్న సంఖ్యే రావడం కాకతాళీయం కావచ్చునని సందేహించాడు. ఆ తరువాతి పరిశోధన సంఖ్య కన్నా సమయం మీద ఎక్కువ దృష్టి పెట్టింది. బాడ్లీ, థామ్సన్, బ్యుకానన్ 1975లో చూపించినదాని ప్రకారం, మనిషి దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినన్ని మాటలే అతడి పట్టులో ఉంటాయి. పొడవైన మాటలైతే తక్కువ, పొట్టి మాటలైతే ఎక్కువ. 1980లో ఎల్లిస్, హెన్నెల్లీ వేల్స్‌లో రెండు భాషలూ వచ్చినవారిని పరీక్షించి, వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది గనుక ఆ భాషలో గుర్తుండే అంకెలు తక్కువని కనుగొన్నారు.

తెలుగులో ఈ సంగతి మనకు నేరుగా తగులుతుంది. సున్నా నుంచి తొమ్మిది వరకు పది అంకెల పేర్లలో మొత్తం 25 అక్షరాలు, అంటే పలికే ముక్కలు (సిలబుల్స్) ఉన్నాయి. ‘ఎనిమిది’ ఒక్కటే నాలుగు. అవే పది అంకెలు ఇంగ్లీషులో అలాంటి 12 ముక్కలతో ముగుస్తాయి. ఫోను నంబరు చెప్పవలసి వస్తే తెలుగు తప్ప మరో మాట మాట్లాడనివారు కూడా ‘నైన్ ఎయిట్ ఫోర్’ అనడం మనకు తెలిసిందే. ఈయన కూడా పక్షవాతానికి ముందు అలాగే చెప్పేవారు. అందుచేత అంకెలను ఇంగ్లీషులో విని, పెదవుల మధ్య పదే పదే అనుకోవడం నేర్పితే పట్టు కొంత పెరగవచ్చునన్నది మొదటి ఆలోచన.

పెరగలేదు. తెలుగులో రెండు, ఇంగ్లీషులోనూ రెండే. ‘ఉప్పు, పాలు, నూనె’ వంటి పొట్టి మాటలైనా, ‘మినపగుళ్ళు, జీలకర్ర, చింతపండు’ వంటివైనా తేడా లేదు. ఈ తేడా లేకపోవడమే నాకు అసలైన సమాచారం. మామూలు మనిషిలో పొట్టి మాటలు లాభిస్తాయంటే, అతడు లోలోపల వాటిని తిరగేసుకుంటున్నాడని అర్థం. ఈయన తిరగేసుకోవడం లేదు. సందేహం తీర్చుకోవడానికి, కార్డులు చూపిస్తున్నంతసేపూ ‘ల, ల, ల’ అని పైకి అంటూ ఉండమన్నాను. లోలోపల పలుక్కునే అలవాటున్నవారికి ఇలా అంటే పట్టు పడిపోతుంది. ఈయనకు నాలుగు నాలుగుగానే ఉంది. అంటే కళ్ళతో చూసినదాన్ని కూడా ఆయన శబ్దంగా మార్చుకోవడం లేదు. నోరు బాగానే ఉంది కాబట్టి పలకలేక కాదు; పలికి మళ్ళీ దాచుకునే చోటే నిలవనప్పుడు పలుక్కోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆ తరువాత ‘మనసులో అనుకుంటూ ఉండండి’ అన్న సలహాను పూర్తిగా ఆపివేశాము. ఇంట్లోవాళ్ళు ఎంతో ప్రేమతో ఇచ్చే సలహా అదే. ఆయన్ను అన్నిటికన్నా ఎక్కువగా అలసటకు గురిచేసిందీ అదే.

కొడుకు ఊరుకోలేదు. రోజూ ఉదయం అంకెలు చెప్పి సాధన చేయిస్తే పెరుగుతుంది కదా అన్నాడు. దీనికి ఆధారంగా అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. పిట్స్‌బర్గ్‌లో ఎరిక్సన్, చేస్, ఫాలూన్ ఎస్.ఎఫ్. అనే కళాశాల విద్యార్థికి సుమారు 230 గంటలపాటు సాధన చేయించారు, ఏడంకెల పట్టు 79కి చేరింది. 1980లో ప్రచురించిన ఆ వ్యాసంలో తక్కువమంది పట్టించుకునే వాక్యం మరొకటుంది: అంకెలు తీసి అక్షరాలు ఇస్తే అతడికి మళ్ళీ ఆరే గుర్తున్నాయి. అతడు దూరపు పరుగుల క్రీడాకారుడు. 3492 అని వినగానే మైలు పరుగులో 3 నిమిషాల 49.2 సెకన్లుగా పట్టుకునేవాడు. పెరిగింది స్వల్పకాలిక నిల్వ కాదు, అతడి దగ్గర ముందే ఉన్న పరుగుల పరిజ్ఞానానికి అంకెలను తగిలించే నేర్పు.

ఇది వివరించినా, కొన్ని వారాల సాధనకు ఒప్పుకున్నాను. కుటుంబం ఒక ప్రయత్నం చేయకుండా వదిలేశామన్న భావనతో మిగిలిపోవడం మంచిది కాదు. పైగా, దేని మీద పెరిగిందో దేని మీద పెరగలేదో చూడటం కూడా ఉపయోగమే. కొడుకు ఎక్కువసార్లు వాడిన కొన్ని వరుసలు ఆయనకు కంఠస్థమయ్యాయి. కొత్త వరుస ఇస్తే రెండు. ఫోనులో మెదడుకు పదును పెడతామనే ఆటల యాప్ ఒకటి కూడా వేయించుకున్నారు. అందులో వెలిగిన గడులను గుర్తుపట్టే ఆటలో ఆయన మనవడి కన్నా మంచి స్కోరు తెచ్చుకున్నారు, ఎందుకంటే ఆ దారి ఆయనకు మొదటి నుంచీ బాగానే ఉంది. ఉదయపు ఫోన్లలో మార్పు లేదు. ఇలాంటి శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలను మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ 2013లో ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా, సాధన చేసిన పనిని పోలిన పరీక్షల్లోనే, అదీ కొంతకాలమే మెరుగుదల కనిపించింది.

ఈ దశలోనే కొడుకు అడిగిన మరో ప్రశ్న తెలుగువారికి సహజంగా వచ్చేది. శతావధానులు వందమంది అడిగినవి పట్టుకుంటారు కదా, ఆ పద్ధతి నేర్పలేమా అని. అవధాని ధారణకు కేవల సామర్థ్యం కారణం కాదు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస అని ముందే నిర్ణయమై ఉన్నప్పుడు, ప్రతి మాటకూ దానికంటూ ఒక స్థానం, ఒక అర్థం, ఒక నడక ఉంటాయి. ఏళ్ళ తరబడి పద్యాలతో గడిపినవారికి అదంతా దీర్ఘకాలిక జ్ఞాపకంలో సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రశ్న మాత్రం వృథా కాలేదు. ఈయనకు పద్యాలు రావు సరే, ఏళ్ళ తరబడి దేనితో గడిపారు? దుకాణంతో.

పనిచేసినది

ఆ దుకాణంలో ఏ బస్తా ఏ మూల ఉందో ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలరు. కాబట్టి విన్న మాటను మాటగా ఉంచుకునే ప్రయత్నం మాని, వినీ వినగానే చోటుగా మార్చాలి. ఇందుకోసం ఒక ఆర్డరు స్లిప్పు అచ్చు వేయించాము. దాని మీద సరుకుల పేర్లను అక్షర క్రమంలో గానీ, పప్పులు, దినుసులు అన్న వర్గాలుగా గానీ పెట్టలేదు. దుకాణంలో వాకిలి నుంచి లోపలికి నడిస్తే ఏది ముందు తగులుతుందో ఆ వరుసలో పెట్టాము. కారణం ఉంది. కొనేవారు ముందు సరుకు చెప్పి, తరువాత తూకం చెబుతారు. ‘కందిపప్పు’ అని విన్నాక ఆ గడి కోసం కాగితమంతా వెతుకుతూ ఉంటే, ఈలోగా విన్న ‘పది’ పోతుంది. వెతుకులాట లేకుండా చెయ్యి నేరుగా గడి మీదకు వెళితే, ‘పది’ విన్న క్షణంలోనే పడాల్సిన చోట పడుతుంది. అప్పుడు ఆయన ఒకసారికి పట్టుకోవలసింది ఒక్క సంఖ్యే, అది ఆయన పట్టు లోపలే ఉంది.

రెండోది, అవతలివారి వేగం. “ఒక్కొక్కటే చెప్పండి, నేను మళ్ళీ చెబుతాను” అని ప్రతి ఫోనుకు మొదట్లోనే అనడం అలవాటు చేసుకున్నారు. వ్యాపారంలో ఇది జాగ్రత్తగా కనిపిస్తుందే తప్ప లోపంగా కనిపించదు, అందువల్ల ఆయనకు నామోషీ కలగలేదు. ఇలా తిరిగి చెప్పడం అనవసరమని మొదట ఆయనే వాదించారు. ఒకరోజు ఎప్పుడూ పది కిలోల మినపగుళ్ళు తీసుకునే టిఫిన్ హోటలువారు పదిహేను అడిగితే ఈయన పదే రాశారు. విన్నది జారిపోగానే పాత అలవాటు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. దీర్ఘకాలిక జ్ఞాపకం మీద ఆధారపడే ఏ పద్ధతికైనా ఈ ప్రమాదం ఉంటుంది. మతిమరుపు కన్నా ఇది ఎక్కువ నష్టం చేయగలదు, ఎందుకంటే తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి తిరిగి చెప్పడం తప్పనిసరి అయింది.

అంకెల విషయంలో ఎస్.ఎఫ్. చూపిన దారినే చిన్న స్థాయిలో వాడాము. ఈయన పరుగెత్తేవారు కాదు, ధరలు చెప్పేవారు. 4, 8 అని విడిగా విన్నప్పుడు రెండంకెలు. ‘నలభై ఎనిమిది’ అని విన్నప్పుడు అదొక ధర, ఏదో ఒక సరుకు గుర్తొస్తుంది. ఫోను నంబర్లను జతలుగా చెప్పించుకుని, ఒక జత రాశాక మరో జత చెప్పమనడం మొదలుపెట్టాక నంబర్లు తప్పడం బాగా తగ్గింది. వరుసగా విన్న రెండు జతల వరకు పట్టుకోగలిగారు, మూడో జతతో అన్నీ కలిసిపోయాయి. నాలుగంకెలు వచ్చాయి కదా అని పట్టు రెట్టింపైనట్టు లెక్క వేయకూడదు. మిల్లర్ చెప్పిన చంక్ (ఒకే ముక్కగా గుర్తుంచుకునే గుంపు) లెక్కలో ఆయన పట్టు ఇప్పటికీ రెండే. ఒక్కో చంక్‌లో పట్టే సరుకు పెరిగింది, అంతే.

ఓటీపీని ఎవరూ పైకి చదవకుండా ఆయనే తెర మీద చూసి, రెండేసి అంకెలు నొక్కుతున్నారు. ఇది బ్యాంకులవారు చెప్పే జాగ్రత్తకు కూడా సరిపోయింది. ఇంట్లో భార్య సరుకుల జాబితా వాట్సాప్‌లో రాసి పంపుతున్నారు. వాయిస్ మెసేజ్ పంపినప్పుడు మళ్ళీ వినవచ్చు కదా అనుకున్నాము గానీ, ప్రతి మాట దగ్గరా ఆపుతూ వినాల్సి రావడంతో ఆయనకే విసుగొచ్చింది.

నేర్చుకున్నవి

ఇలాంటి కేసు చూసేవారు అంకెల పరీక్షను ఒక్క దారిలో చేసి స్కోరు రాసి ఊరుకోకూడదని నా అభిప్రాయం. విని చెప్పడం, విని చూపించడం, చూసి చెప్పడం అన్న మూడింటినీ పక్కపక్కన పెడితేనే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. దానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు, అట్టముక్కలు చాలు. తెలుగులో పరీక్షించి ఇంగ్లీషు ప్రమాణాలతో పోల్చడం కూడా తగదు. అక్షరాల లెక్క వల్లనే మామూలు మనిషికి ఒక అంకె తగ్గినట్టు కనిపించవచ్చు. ఈయన విషయంలో తేడా మరీ పెద్దది కాబట్టి ఆ సందేహం రాలేదు గానీ, నాలుగో ఐదో వచ్చే వ్యక్తి విషయంలో అది నిర్ణయాన్నే మార్చేస్తుంది.

మాటలను తిరగేసుకోవడానికీ, చంకులుగా కట్టుకోవడానికీ వీలు లేనప్పుడు ఆరోగ్యవంతుల పట్టు కూడా మూడు నుంచి ఐదు దాకానే ఉంటుందని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. ఏడు అని మనం అనుకునేదానిలో సగం వరకు సహాయాల వల్ల వచ్చిందే అన్నమాట. ఈ కేసులో చేసిందల్లా పోయిన సహాయానికి బదులు మరో సహాయాన్ని ఏర్పాటు చేయడం. కుటుంబానికి కూడా ఈ మాటే చెప్పాను: సంఖ్య పెరుగుతుందని ఎదురుచూడవద్దు, ఉదయం ఫోన్లు ఎన్ని తప్పు లేకుండా పూర్తవుతున్నాయో చూడండి. ఆయన ఫోను ఆయనకు తిరిగి ఇచ్చారు. లెక్కలు మొదటి నుంచీ ఆయన చేతిలోనే ఉండాల్సినవి.

తీరని ఇబ్బంది ఒకటుంది. ఇటలీలో ఇదే లోపంతో ఉన్న పి.వి. అనే మహిళ తన భాషలోని మాటల జంటలను అందరిలాగే నేర్చుకోగలిగినా, విని నేర్చుకోవలసిన కొత్త రష్యన్ మాటలను మాత్రం నేర్చుకోలేకపోయిందని బాడ్లీ, పపాగ్నో, వల్లార్ 1988లో చూపించారు. కొత్త మాట అంటే దానికింకా అర్థం లేదు, చోటు లేదు, ఉన్నదంతా శబ్దమే. ఈయనకూ కొత్తగా మార్కెట్లోకి వచ్చిన నూనె కంపెనీల పేర్లు, మారిన సేల్స్ కుర్రాళ్ళ పేర్లు ఎన్నిసార్లు విన్నా పట్టుబడటం లేదు. రాసి చూపిస్తే కొద్ది రోజుల్లో వస్తున్నాయి. అందుకని కొత్త సరుకు దుకాణంలోకి దిగిన రోజునే దాని పేరును స్లిప్పులో తగిన గడిలో చేతితో రాసిపెట్టడం, కొత్తగా వచ్చిన ప్రతి ఏజెంటు నుంచీ విజిటింగ్ కార్డు అడిగి తీసుకోవడం ప్రస్తుతం నడుస్తున్న ఏర్పాటు. తరువాతి సమీక్షలో చూడవలసింది, రాతలో ఇలా నేర్చుకున్న పేరు ఫోనులో వినబడినప్పుడు ఆయన దాన్ని వెంటనే గుర్తుపడుతున్నారా లేదా అన్నది.